మా అంబులెన్స్‌కు నేనే దారి ఇచ్చిన

ముందుగాలనే చెప్తున్న, ఇది చదివినంక మీరు నాకు ఏ పనీ అప్పజెప్పరు. చెయ్యి ఊపుడు గూడ ఒక పనేనా? ఆ ఒక్క పని అప్పజెప్తేనే మా అక్క పానం మీదికి తెచ్చిన మొనగాన్ని నేను.

మా రూతక్క పురుడుకని మా ఊరు కనకమామిడికి వచ్చి ఉన్నది. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తింటుంటే నొప్పులు మొదలైనయ్. డాక్టరమ్మ చెప్పిన తారీఖుకు ఇంక చానా దినాలున్నయ్. బావ పట్నంల డ్యూటీకి పోయిండు. అమ్మ "ప్రభువా, ప్రభువా" అనుకుంట ఇల్లంత తిరుగుతున్నది. నేనే అంబులెన్స్‌కు ఫోన్ కొట్టిన.

మా ఇల్లు దొరుకుడు కష్టం. మెయిన్ రోడ్డు దిగితే అటూ ఇటూ అన్నీ పట్నపోళ్ల ఫామ్‌హౌస్‌లే, గేట్లన్నీ ఒక్కతీరే. మ్యాపును నమ్ముకుంటే ఏదో రిసార్ట్ స్విమ్మింగ్ పూల్ కాడ దించుతది. అందుకే అమ్మ నా ఫోన్ గుంజుకున్నది.

"డ్రైవర్‌తోని నేను మాట్లాడుత. నువ్వు ఉరికి రోడ్డు మీద నిలబడు. ఎర్రంగి వేసుకున్నవ్, మంచిగ కనబడుతవ్. బండి రాంగనే చెయ్యి ఊపు."

"గంతేనా?"

"గంతే. గదన్న సక్కగ చెయ్యి బిడ్డా."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలె. నాకు అప్పుడే కొత్తగ డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది. పరీక్ష కోసం బట్టీ కొట్టిన రూల్స్ ఇంకా కడుపుల అరగలేదు. సైరన్ వినబడితే ఎడమకు జరగాలె, ఆగాలె, దారి ఇయ్యాలె. నిద్రల లేపి అడిగినా చెప్పేటోన్ని.

రోడ్డు మీదికి పోయేసరికి రిసార్ట్‌లకు వచ్చిన కార్లతోని కిక్కిరిసి ఉన్నది. చేవెళ్ల దిక్కు నుంచి సైరన్ వినబడ్డది. ఒక్క కారూ జరుగుతలేదు. నా చెవులల్ల మా అక్క ఏడుపే మోగుతున్నది. ఆగలేక నడిరోడ్డు మీదికి ఉరికిన.

"సార్! ఎడమకు తియ్యి సార్! సైరన్ ఇనబడ్తలేదా?"

టమాటల ఆటో నడిపే మా ఊరి యాదన్న, "జరుగుతున్న గదనే తమ్మీ!" అన్నడు.

"జల్ది జరుగన్నా! మనిషి పానం అన్నా!"

పెండ్లిల కుర్చీలు జరిపినట్టు జరిపిన ఆ బండ్లన్నిటిని. దారి పడ్డది. అంబులెన్స్ నా ముంగటికి వచ్చి నెమ్మదైంది. డ్రైవరన్న అద్దం దించి నా దిక్కే చూస్తున్నడు. పాపం, ముందట దారి ఉన్నదో లేదోనని భయపడుతున్నడనుకున్న.

"పో అన్నా, పో! ఫికర్ చెయ్యకు, ముంగట అంత ఖాళీ!" అని రెండు చేతులూ ఊపిన. బండి జుమ్మని మొయినాబాద్ దిక్కు పోయింది. నేను వెనుక నుంచి సలాం గూడ కొట్టిన.

"శభాష్ తమ్మీ," అన్నడు యాదన్న. "ఎవలింటికి పోతున్నదో పాపం."

నేను పోయిన బండి దిక్కు చూసిన, మల్ల మా ఇంటి దిక్కు చూసిన.

"మా ఇంటికే అన్నా."

యాదన్న నన్ను కింది నుంచి మీది దాక చూసి, "ఎక్కు" అన్నడు.

టమాటల డబ్బాల మీద కూసోని అంబులెన్స్ వెంట పడ్డం. ఇందాక నేను ఎడమకు తోలిన కారాయన అద్దం దించి మొదలువెట్టిండు. "అంబులెన్స్ వెనకాల దూరిపోతారా? సిగ్గుండాలి! లోపల మనిషి ప్రాణం ఉంది!"

"లోపల ఎవ్వరు లేరు సార్!" అని మొత్తుకున్న. నవ్వున్రి, మీరు నవ్వున్రి. నాకైతే అప్పుడు ఏడుపొచ్చింది. అక్కకు ఏమన్న అయితే మల్ల ఆ ఇంట్ల ఎట్ల అడుగు పెట్టాలె?

అంతల ముంగట నుంచి మల్ల సైరన్. అంబులెన్స్ వాపస్ వస్తున్నది! యాదన్న వెంటనే ఆటో ఎడమకు తీసి ఆపిండు.

"ఎందుకు ఆపినవే?"

"నువ్వే గద నేర్పినవ్."

దుంకి, అవతలి పక్కకు ఉరికి, రెండు చేతులు చాపి బండికి అడ్డం నిలబడ్డ. కీచుమని బ్రేకు పడ్డది.

"తప్పుకో! పిచ్చి లేసిందా?" అన్నడు డ్రైవరన్న.

"అన్నా, నేనే! కనకమామిడి! మా అక్కకే నొప్పులు!"

ఆయన నా ఎర్రంగిని చూసి నెత్తి కొట్టుకున్నడు. "ఎర్రంగి పిలగాడు చెయ్యి ఊపుతడని మీ అమ్మ చెప్పింది. నువ్వు ముందుకు పొమ్మని ఊపినవ్. ఇల్లు ఇంకా ముంగటున్నదేమో అని పోయిన, మీ అమ్మ మల్ల ఫోన్ చేస్తే బండి మలుపుకున్న!"

మేం పోయేసరికి అక్క అమ్మ భుజం పట్టుకొని గేటు కాడ నిలబడి ఉన్నది. మొఖమంత చెమట. పండ్లు గిట్టకరుసుకొని, "ఇంత సేపెందుకైందిరా?" అన్నది.

డ్రైవరన్ననే చెప్పిండు. "మీ తమ్ముడు దారి ఇచ్చిండమ్మా."

అంత నొప్పిల గూడ అక్క నా వీపు మీద ఒక్కటి సరిచి బండెక్కింది. చేవెళ్ల దవాఖానల ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డ క్షేమమని నర్సమ్మ చెప్పంగనే, నేను గోడకు ఒరిగి చిన్నపిలగాని తీరు ఏడ్చిన.

ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతున్నది. నా బండి వెనుక కూసున్నప్పుడు సైరన్ వినబడితే చాలు, నా అంగి గుంజి, "మామా, అది మనదేమో ముందు అడుగు" అంటది.

అందుకే లైసెన్స్ మీద చెయ్యి పెట్టి ఒట్టేసి చెప్తున్న. లోకంల ఉన్న అంబులెన్స్‌లన్నిటికీ ఎడమకు జరిగి, ఆగి, దారి ఇస్త. మా ఇంటికి వచ్చేదానికి మాత్రం చచ్చినా ఇయ్య. రోడ్డుకు అడ్డంగ పండుకుంట.