స్వామివారి సైగకు నేను చెప్పిన అర్థం

చీరాలలో ఉంటున్న మా చెల్లెలు మొన్న ఫోన్ చేసి, బీపీ మాత్రలు మానేశానక్కా, గురువుగారు రోజూ వీడియోలో చెబుతున్నారు, ఒంట్లో రోగాలన్నీ మందుల వల్లేనట అని సంబరంగా చెప్పిన దగ్గర్నుంచీ నాకు అన్నం సహించడం లేదు. బతిమాలాను, కోప్పడ్డాను, చివరికి అలిగి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక గుర్తొచ్చింది, ఇలాంటి నమ్మకానికి ఒకప్పుడు మా ఇంట్లో నీళ్ళు పోసి పెంచింది నేనే.

బాపట్లలో టీచరుగా నేను కొత్తగా చేరిన రోజులవి. నాన్న పోయాక అమ్మ తెనాలిలో మా పెద్దమ్మ దగ్గరే ఉండేది. పెద్దమ్మకు రేపల్లె దగ్గర కాలవగట్టున తాటాకు పందిట్లో కూర్చునే ఒక మౌనస్వామి మీద గురి. అలాంటి స్వాములు మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటారు. ఆయన ఎన్నేళ్ళుగానో పెదవి విప్పలేదు. ఏదడిగినా చెయ్యో, వేలో, కనుబొమ్మో కదిపేవారు, దాన్ని బట్టి మనమే అర్థం చెప్పుకోవాలి. సైగలు చదవడంలో మా పెద్దమ్మ తర్వాతే ఎవరైనా అని పందిట్లో పేరు. వేలు చూపిస్తే నెల రోజులనేది, తల పంకిస్తే పెళ్ళి కుదిరినట్టేననేది. ఆవిడ మోసం చేసే మనిషి కాదు, పాపం, మనసారా అలాగే నమ్మేది.

అంతలో అమ్మకు రొమ్ములో గడ్డ కనిపించింది. గుంటూరులో డాక్టరుగారు చూసి, వారంలో ఆపరేషన్ చేయకపోతే ప్రాణానికే ముప్పన్నారు. అమ్మేమో స్వామివారు చెప్పనిదే కత్తి పెట్టనివ్వనని భీష్మించుకు కూర్చుంది. చేసేది లేక సెలవు పెట్టి, అమ్మనూ పెద్దమ్మనూ వెంటబెట్టుకుని తెనాలిలో రేపల్లె రైలెక్కాను. దారి పొడుగునా అక్కచెల్లెళ్ళిద్దరూ కిటికీ పక్కన కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు, నేను మాత్రం డాక్టరుగారిచ్చిన గడువులో ఇంకెన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మా వంతు రాగానే అమ్మ తడబడుతూ తన గోడు చెప్పుకుంది. స్వామివారు కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, కుడిచెయ్యెత్తి గాలిలో రెండుసార్లు అవతలికి విసిరారు. ఎదురుగా అరటిపళ్ళ పళ్ళెం మీద ఈగలు ముసురుతున్నాయి; నాకు కనిపించింది అంతే. పెద్దమ్మ మొహం మాత్రం వెలిగిపోయింది.

"పోయిందంటున్నారే చెల్లీ. గడ్డ దానంతటదే పోద్దంట," అంది.

అమ్మ అప్పటికే చేతులు జోడించబోతోంది. ఎక్కడినుంచి వచ్చిందో తెగువ, "కాదు పెద్దమ్మా, వెళ్ళమంటున్నారు. ఆసుపత్రికి వెళ్ళమంటున్నారు," అనేశాను.

పందిరంతా నా వైపు తిరిగింది. ఆయన గనక తల అడ్డంగా ఊపితే అమ్మ ఇక నాకు దక్కదు. స్వామివారు నన్ను చాలాసేపు చూశారు. తర్వాత పళ్ళెంలోంచి ఒక అరటిపండు తీసి అమ్మ చేతిలో పెట్టారు. "అవునంట," అని పెద్దమ్మే ఒప్పుకుంది.

ఆపరేషన్ అయింది, అమ్మ బతికింది, గండం గట్టెక్కిందనుకున్నాను. కానీ అమ్మ ఊరుకుంటేగా, దుగ్గిరాల నుంచి బాపట్ల దాకా ఉన్న బంధువులందరికీ స్వామివారే తనను ఆసుపత్రికి పంపి బతికించారని చెప్పుకుంది. అందరికన్నా ఎక్కువ నమ్మింది పెద్దమ్మ. నిజం చెబితే వాళ్ళ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాననుకునేదాన్ని గానీ, సైగలు తెలిసిన పిల్ల అని నలుగురూ అంటుంటే అది నాకూ కాస్త రుచించింది.

నాలుగేళ్ళకు పెద్దమ్మకు కడుపులో నొప్పి మొదలైంది. పరీక్షల పనిలో పడి నేను వెళ్ళలేకపోయాను, ఆవిడ ఒక్కతే రేపల్లె వెళ్ళింది. స్వామివారు అరచెయ్యి చూపించారట. ఆగమన్నారని అర్థం చెప్పుకుని ఆరు నెలలు ఆగింది. మేం గుంటూరు తీసుకెళ్ళేసరికి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని డాక్టరుగారు మమ్మల్ని కోప్పడ్డారు. మంచం మీద నా చెయ్యి పట్టుకుని పెద్దమ్మ, "స్వామి తప్పేం లేదే. నీలాగా చదవడం నాకు రాలేదంతే," అంది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకుండా ఆవిడ దుప్పటి సర్దాను. ఆ తర్వాత చెప్పడానికి ఆవిడ లేదు.

ఇప్పటి గురువులు మౌనంగా ఉండరు. పొద్దున లేచింది మొదలు మాట్లాడుతూనే ఉంటారు, ఏ మాత్ర మానాలో కూడా విడమరిచి చెబుతారు, వినేవాళ్ళు ఎవరి గదిలో వాళ్ళు ఒంటరిగా వింటారు. నేను చేసింది తప్పే, దానికి పెద్దమ్మ ప్రాణం పోయింది. అయినా, అబద్ధమాడైనా సరే మనవాళ్ళను బతికించుకునే సందు ఆ మౌనంలో ఉండేది. ఈ మాటల్లో నా చెల్లెలి కోసం ఎంత వెతికినా అది దొరకడం లేదు.