సార్ చూసిన చీటీ

ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చిందని తెలిసిన రోజు నాకు మొదట గుర్తొచ్చింది మా అమ్మ కాదు, డిగ్రీలో స్టాటిస్టిక్స్ చెప్పిన సార్. ఆయన ముఖం ఎలా మారుతుందో చూడాలని రెండేళ్లుగా కాచుకుని ఉన్నాను.

డిగ్రీ ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు కాలేజీలో చదివాను. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. ఆఖరి సంవత్సరం లెక్కల పరీక్ష నాడు స్క్వాడ్ వస్తున్న అలికిడి విని, నా వెనక బెంచీ అబ్బాయి తన చేతిలోని చీటీని నా కాళ్ల దగ్గరికి విసిరాడు. నేను వంగి చూసేలోగా వాళ్లు లోపలికి వచ్చేశారు. ఆ గదికి ఇన్విజిలేటర్ మా సారే. చీటీ ఎక్కడి నుంచి వచ్చి పడిందో ఆయన చూశారు. ఆయన చూడటం నేను చూశాను.

"సార్, మీరన్నా చెప్పండి సార్," అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగి, "నేను గమనించలేదు," అన్నారు.

స్క్వాడ్ వాళ్లు చీటీ నాదేనని రాసుకుని నన్ను డిబార్ చేశారు. ఆ ఒక్క మాటతో నాకు ఏడాది పోయింది. ఆ అబ్బాయి పాసయ్యాడు. వాళ్ల నాన్న కాలేజీ కమిటీలో పెద్దమనిషి. విచిత్రమేమిటంటే ఆ అబ్బాయి మీద నాకు అంత కోపం లేదు, వాడు భయపడ్డాడు. కిటికీ వైపు తిరిగిన మనిషినే మరిచిపోలేకపోయాను.

ఆ ఏడాది పులివెందులలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పాను. పోయిన పరీక్ష మళ్లీ రాశాను. ఆ మరుసటి ఏడాదంతా ఎంట్రన్సుకు చదివాను. ఎక్కడైనా లెక్క తెగకపోతే ఆయన కిటికీ వైపు తిరిగిన తీరు తలచుకునేదాన్ని, అంతే, ఇంకో గంట కూర్చోగలిగేదాన్ని. చదువు మీద ప్రేమతో చదివానని చెప్పుకుంటే అందంగానే ఉంటుంది కానీ అది అబద్ధం.

సీటొచ్చాక మా అమ్మ, "ఏంది మే ఈ చదువు? బ్యాంకు చదువా?" అని అడిగింది.

"కాదుమా. ధరలు ఎంత మారొచ్చో లెక్క కట్టేది."

"అయితే బంగారు ఎప్పుడు తగ్గుతాదో చెప్పు, చూస్తాం," అని నవ్వి బ్లౌజు కుట్టుకుంటూ కూర్చుంది.

యూనివర్సిటీ వాళ్లు కాండక్ట్ సర్టిఫికెట్ అడిగారు. దాని మీద సంతకం పెట్టాల్సింది డిపార్ట్‌మెంట్ హెడ్. ఇప్పుడు హెడ్ ఆయనే.

"కూచో పాపా, శానా సంతోషం. మన కాలేజీ నుంచి ఈ కోర్సుకు పోతాండేది నువ్వే ఫస్టు," అన్నారు, మా మధ్య ఏమీ జరగనట్టు. నడవడిక అన్న చోట ‘గుడ్’ అని రాసి సంతకం పెట్టారు. స్టాంపు సరిగ్గా పడిందో లేదో చూసుకుని, కాగితాన్ని బ్యాగులో పెట్టి జిప్పు వేశాను. ఆయన్ని నిలదీయాలని వచ్చాను. ఇంతలో ఆయనే, "ఫైనలియర్ పిల్లోల్లకు నాలుగు మాటలు చెప్పిపో పాపా," అన్నారు.

"చెప్తా సార్. మీరూ రండి," అన్నాను.

క్లాసులో ఆయన ముందు బెంచీలో కూర్చున్నారు. నేను చాక్‌పీసు తీసుకున్నాను.

"పరీక్ష గదిలో ఒకమ్మాయి కాళ్ల దగ్గర చీటీ దొరికింది. అది ఆ పాపదే అయ్యే ప్రాబబిలిటీ ఎంత?"

"శానా ఎక్కువ మేడం," అన్నాడొకడు.

"చీటీలో ఉండే ప్రశ్నకు ఆ పాప గంట ముందే జవాబు రాసేసింది. ఇప్పుడో?"

"తగ్గుతాది మేడం."

"చీటీ మీద రాత ఆ పాపది కాదు."

"ఇంగా తగ్గుతాది."

"వెనక బెంచీ నుంచి అది పడటం ఒక మనిషి చూసినాడు. నోరు తెరవలా."

ముందు వరసలో ఒకమ్మాయి లేచి, "లెక్క ఎందుకు మేడం? చూసినాయప్పను అడిగితే అయిపోతాది కదా?" అంది.

"అడుగు. ఈడనే కూచోనుండారు," అని సార్ వైపు చేయి చూపించాను.

నలభై తలలు ఆయన వైపు తిరిగాయి. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. "చూసినా," అన్నారు చివరికి. "అప్పుడు నా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. భయపడినా."

నాకు జాలి కలగలేదు. దాహంతో ఉన్నవాడికి నీళ్లు దొరికినట్టు ఆ మాట తాగాను. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, అదీ బాగానే ఉంది నాకు. చాక్‌పీసు టేబుల్ మీద పెట్టి బయటికి వచ్చేశాను.

వారం తర్వాత ఆయన ఫోన్ చేశారు. నేను బట్టలు సర్దుకుంటున్నాను.

"ఆ పొద్దు నుంచి పిల్లోల్లు నా ముఖం చూడటంలా పాపా. నీ కోపం తీరిందా?"

నిజంగానే ఆలోచించాను. "సగం తీరింది సార్," అన్నాను.

ఫోన్ పెట్టేశాక, క్లాసులు మొదలయ్యేలోగా చదివి రమ్మని యూనివర్సిటీ పంపిన పాఠం ముందేసుకున్నాను. మొదటి పేజీ మూడుసార్లు చదివినా అర్థం కాలేదు. ఈసారి తలచుకుని కసి తెచ్చుకోవడానికి ఎవరి ముఖమూ సాయం రాలేదు. నాలుగోసారి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.