బావ తరఫున ఒక అరుపు

మా గోడకు అవతలి వాటాలో ఉండే ఆయన్ని వీధంతా మైకు అంటుంది. కూరగాయల మార్కెట్లో వేలం పాట పెడతాడు. తెల్లారకముందే బుట్టల మధ్య ఒక చెక్కపెట్టె ఎక్కి ధర పిలిచాడంటే, ఆ చివర లారీలో సరుకు దింపుతున్నవాడు కూడా తలెత్తాల్సిందే. కుర్రతనంలో అక్కడే బస్తాలు మోసేవాడట. బరువుతో వస్తూ "తప్పుకోండి!" అని ఒక కేక పెడితే, దారిలో లేనివాళ్ళు కూడా తప్పుకునేవారట. అది విని షావుకారు బస్తా దింపించి పెట్టె ఎక్కించాడు. మైకుతో పనిలేని మనిషికి మైకు అని పేరు పెట్టడం మనవాళ్ళకే చెల్లింది.

ఇంటికొచ్చినా ఆ గొంతు తగ్గేది కాదు. ముఖ్యంగా ఎన్నికల ముందు నాయకులు టీవీలో ఎదురెదురుగా నిలబడి వాదించుకునే రోజున. ఆయనది ఒక పార్టీ, బస్సు కండక్టరుగా చేసే ఆయన బావమరిదిది ఇంకో పార్టీ. ఆ వాదన చూడడానికి బావమరిది పనిగట్టుకుని వచ్చేవాడు. తెర మీద ఇద్దరు, ఇంట్లో ఇద్దరు. గోడకు ఇవతల నేను పుస్తకం పట్టుకుని ఒకే వాక్యాన్ని పదేపదే చదువుకునేవాణ్ణి.

ఈసారి ఎన్నికలు దగ్గరపడుతుండగా మైకు గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి, అరచేతులకు కాసినట్టే గొంతులోనూ కాయ కాసిందన్నారు. కోసి తీసేశారు. "మళ్ళీ నేను చూసేదాకా ఒక్క మాట వద్దు, గుసగుస కూడా వద్దు. లోపలి పుండు మానకముందే అరిచారో, ఆ గొంతు మీద ఆశ వదులుకోండి" అని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. గొంతు పోతే పెట్టె దిగాలి. ఈ వయసులో మళ్ళీ బస్తా ఎత్తలేడు.

అందుకని నోరు కట్టేసుకున్నాడు. స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒక దెబ్బ కొడితే ఔను, రెండు కొడితే కాదు. ఇన్నేళ్ళూ కోరుకున్న నిశ్శబ్దం దొరికింది కదా, అయినా నా చదువు సాగలేదు. అంత గొంతున్న మనిషి చెంచాతో మాట్లాడుతుంటే వినబుద్ధి కాలేదు.

డాక్టరుకు చూపించుకోవాల్సిన రోజుకు సరిగ్గా ముందు సాయంత్రం టీవీలో ఆ వాదన వచ్చిపడింది. ఆయన భార్య మా గుమ్మంలోకి వచ్చింది.

"బాబాయిగారూ, మీరొచ్చి కూర్చోండి. మీరుంటే కాస్త తగ్గుతారు."

"ఈ ఒక్కసారికి చూడకపోతేనేం అమ్మా?"

"ఆ ముచ్చటా అయింది. రిమోట్లో బ్యాటరీలు తీసి పంచదార డబ్బాలో దాచాను. ఈయన గోడ గడియారంలోదీ, అలారం గడియారంలోదీ పీకి వేసుకున్నారు. ఇంట్లో కాలమే ఆగిపోయింది గానీ, ఈయన మాత్రం ఆగట్లేదు."

నేను వెళ్ళేసరికి బావమరిది అప్పటికే కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"ఏం బావా, ఇవాళ మా కళ్ళజోడు మాట్లాడతాడు, నువ్వు వింటావు. దేవుడున్నాడు!"

మైకు చెంచాతో గ్లాసును కాదు, బావమరిది మోకాలిని కొట్టాడు.

"కొట్టు, కొట్టు. తిట్టలేవుగా!"

"ఒరేయ్, ఆయన్ని రెచ్చగొట్టావంటే గరిటె తిరగేస్తాను" అంది వాళ్ళక్క, మైకు భార్య.

కళ్ళజోడు అంటే గద్దె మీదున్న నాయకుడు. ఎదుటి నాయకుణ్ణి, అంటే మైకు పార్టీ ఆయన్ని, ఆ ఇంట్లో తెల్లమీసం అంటారు. మొదట కాసేపు చెంచా దెబ్బలతోనే గడిచింది. ఇంతలో కళ్ళజోడు నవ్వుతూ, "కూరగాయల మార్కెట్లన్నిటికీ కప్పులు వేయించాం" అన్నాడు.

మైకు నిటారుగా అయిపోయాడు. వాళ్ళ మార్కెట్టుకు సగం దాకా రేకులు వేసి వదిలేశారు. వానొస్తే ఆయన పెట్టె మీద తడుస్తూనే పాట పెట్టాలి. "అడుగు, అడుగు" అన్నట్టు తెల్లమీసం వైపు చెయ్యి ఊపాడు. తెల్లమీసం మంచినీళ్ళు తాగాడు.

మైకు లేచి నిలబడ్డాడు. మెడ నరాలు తాళ్ళలా పొంగాయి. పెట్టె ఎక్కినప్పుడు పీల్చే ఊపిరి, గుండె నిండా పీల్చాడు. నోరు తెరుచుకుంది. భార్య కళ్ళు మూసుకుంది.

అరుపు వినిపించింది. ఆ గొంతు ఆయనది కాదు.

"ఏ మార్కెట్టుకు వేశావయ్యా కప్పు? సగం రేకులేసి సగం ఆకాశానికి వదిలేశావు! నువ్వు చల్లగా కూర్చుని కబుర్లు చెబుతుంటే వానలో తడిసేదెవరు, మీ బాబా?"

బావమరిది! ఒక చేత్తో బావ నోరు మూసేసి, రెండో చేత్తో తన సొంత నాయకుడికి వేలు చూపిస్తూ అరుస్తున్నాడు.

"నువ్వు ఊరుకో బావా, నేనంటాను. ఇన్నేళ్ళుగా నీ తిట్లు తింటున్నవాణ్ణి, అన్నీ కంఠతా వచ్చు!"

పీల్చిన ఊపిరి మెల్లగా బయటికొచ్చింది. మైకు కూర్చున్నాడు. బావమరిదిని ఎగాదిగా చూసి, చెంచా అందుకుని గ్లాసు మీద రెండు కొట్టాడు.

"కాదా? ఏం కాదు?"

మైకు అరచెయ్యి పైకెత్తి చూపించాడు.

"ఇంకా గట్టిగానా? టికెట్లు అడగడానికే చాలదు బావా నా గొంతు!" అంటూనే ఇంకా పైస్థాయిలో అందుకున్నాడు.

ఆ తరవాత అంతా అదే వరస. తన పార్టీ తరఫున ఒక మాట, దానికి బావ తరఫున జవాబు, రెండూ ఒక్కడే. ఒకసారి బావ తరఫున అన్న మాటకు తనకే ఒళ్ళు మండి, "నోర్ముయ్!" అని తనను తానే కసిరాడు. అక్కకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. తెర మీద ఎవరు నెగ్గారో మాలో ఎవరికీ తెలియదు.

మర్నాడు ఆసుపత్రి నుంచి ఆటో వచ్చిన చప్పుడుకి బయటికి వెళ్ళాను. ఆవిడ ముఖం చూడగానే నా గుండె కుదుటపడింది.

"మానిపోయిందట బాబాయిగారూ! రోజూ కొంచెం కొంచెంగా మాట్లాడమన్నారు. గొంతు పోయింది మా తమ్ముడికి." వెనకాల దిగిన బావమరిది మెడకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు అనమన్న "ఆ" తప్ప ఇంకేమీ అనకుండా, మొదటి మాటను మైకు ఇంటిదాకా దాచుకుని వచ్చాడట. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు. గొంతు సన్నగా, గీరుకుపోయినట్టు వచ్చింది గానీ, అది ఆయన గొంతే.

"ఒరే... ఓటు ఎవరికేస్తావు?"

"మా కళ్ళజోడుకే" అన్నాడు బావమరిది బొంగురుగా. "నోరు అరువిచ్చాను గానీ, ఓటు అరువివ్వలేదు బావా."

మైకు ఊపిరి పీల్చి నోరు తెరిచాడు. "మెల్లగా!" అని ఆవిడ పెట్టిన కేకకు వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు.