టైలరమ్మ నోరు మూసుకున్న రోజు

టైలరమ్మకు పెళ్లయి ఇరవై రెండేళ్లు. ఇన్నేళ్లలో మొగుడు పూర్తిగా పలికిన వాక్యాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గడియారాలు బాగుచేసే ఆ మనిషి చెడ్డవాడేం కాదు. తాగడు, తిట్టడు. కానీ ఆయన నోరు తెరిచేలోపే ఈవిడ మాట అందుకుంటుంది.

"కూరలో..."

"ఉప్పు తక్కువైందా? వేసుకోండి!"

పోట్లాడుకోవాలన్నా ఎదుటి మనిషి మాట్లాడాలి కదా! గోడతో కాపురం ఎన్నాళ్లని ఆవిడ, గాలివానతో కాపురం ఎన్నాళ్లని ఆయన, ఇద్దరూ విసిగారు. ఆవిడ కుట్టు దుకాణం మీది గదికి మారింది. హిందూ వివాహ చట్టంలో ఇద్దరి ఇష్టంతో విడిపోయే దారి ఉందట. ఏడాది విడిగా ఉండి అర్జీ పెట్టారు. కోర్టు ఆరు నెలలు ఆలోచించుకోమంది. ఆవిడ ఆ ఆరు నెలలూ ఆలోచించలేదు, మిషను తొక్కుతూ పాటలు పాడింది.

ఆఖరి వాయిదా నాడు గుండుసూదుల దిండు మణికట్టుకు ఉండగానే కోర్టుకు పరిగెత్తింది.

"అమ్మా, ఆయన మాట ఆయనే చెప్పాలి. మధ్యలో మీరు అందుకున్నారో, బలవంతం చేశారనుకుంటారు. అర్జీ గంగపాలే!" అంది లాయరమ్మ.

విడిపోవడం ఇష్టమేనా అని జడ్జిగారు ముందు ఆవిడనే అడిగారు.

"ఇష్టమేనయ్యా! నిన్నటికంటే ఇవాళ ఇంకా ఇష్టం!"

"మీకో?" అని ఆయనవైపు తిరిగారు.

"నాకు..."

"ఆయనకీ ఇష్టమేనండీ!" అనేసింది టైలరమ్మ.

లాయరమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఆయన నోరు మీ దగ్గర తాకట్టులో ఉందామ్మా? ఇంకోసారి అందుకుంటే కేసు కొట్టేస్తాను," అన్నారు జడ్జిగారు.

హాలంతా నవ్వులు. ఆవిడకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. ఈ నాలుకను నమ్మడమెలా? చటుక్కున దిండులోంచి నాలుగు గుండుసూదులు పీకి పెదాల మధ్య పెట్టుకుంది. దుకాణంలో ఆ సూదులు నోట్లో ఉన్నంతసేపూ దేవుడొచ్చి పలకరించినా పలకదు.

మొగుడు ఆ సూదులవంక చూసి గొంతు సవరించుకున్నాడు.

"నాకు ఇష్టమేనండీ. ఎవరూ బలవంతపెట్టలేదు. మనిషి మంచిదే. ఇంకోమాట, మీ గోడగడియారం నాలుగు నిమిషాలు వెనకుంది."

జడ్జిగారు తలెత్తి గడియారం చూసి, నవ్వాపుకుంటూ విడాకులు మంజూరు చేశారు.

ఆనకట్ట తెగిందంటే నీళ్లు ఆగుతాయా? బయటికొచ్చాక ఆయన లాయరమ్మకు స్ప్రింగుల సంగతి, బంట్రోతుకు లోలకాల సంగతి, స్తంభానికి తన చిన్ననాటి సంగతి చెప్పుకుంటూ పోయాడు.

టైలరమ్మ సూదులు తీసి పకపకా నవ్వింది.

"వినేవాళ్లని వెతుక్కోండి బాబూ, నాకు బోలెడు పనుంది!" అని మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగిపోయింది.