తిరగడానికి చీటీ ఇవ్వరట

మా చీటీకి పాట ఉండేది కాదు. గల్ఫ్‌లో ఉమ్ ఘువైలినా అనే పేటలో, ఒక పాత ఫ్లాటులో శుక్రవారం మధ్యాహ్నం తెలుగువాళ్ళం చేరి వండుకు తినేవాళ్ళం. నెలకు తలా ఇంత వేస్తే, ఎవరి అవసరం పెద్దదైతే ఆ మొత్తం వాళ్ళకి. పెద్దదో కాదో తేల్చేది గోదావరి జిల్లా నుంచి వచ్చిన వంటమనిషి, అందరికీ బాబాయ్. చెల్లెలి పెళ్ళి, ఇంటి స్లాబు, ఆసుపత్రి, పొలంలో బోరు: ఇవీ ఆయన లెక్కలో అవసరాలు.

తొంభైల నడిమి మాట. సెలవుకు ఏడాది ముందే నేను నోరు తెరిచి చీటీ అడిగాను.

"దేనికిరా?"

"నా పెండ్లాన్ని రైల్లో తిప్పాల బాబాయ్."

గరిటె పప్పులోనే ఆగిపోయింది. "తిప్పడమేంట్రా? ఎక్కడికి?"

"యాడికైనా సరే."

నిజంగానే అంతకు మించి నాకూ తెలియదు. ఏడో తరగతిలోనే బడికి సలాం కొట్టినవాణ్ణి, ఉత్తరాలు నాకు పడవు. అందుకని ఊరికి వెళ్ళివచ్చేవాళ్ళ చేతికిచ్చి నేనూ మా ఆవిడా క్యాసెట్లు పంపుకునేవాళ్ళం. ఈసారి వచ్చిన క్యాసెట్లో ఒక వైపంతా మా అక్క మీద ఫిర్యాదులు. రెండో వైపు చివర్లో మాత్రం గొంతు తగ్గించి, "నువ్వు ఇమానాలెక్కి తిరుగుతాండావు. నేను కడప బస్సు దప్ప ఏమెక్కినా? రెండు రాత్రుళ్ళు రైల్లో పండుకోవాలనుంది. కిటికీ పక్కన సీటుంటే సాలు" అంది. నగ అడగలేదు, చీర అడగలేదు. ఆ ముక్కను వెనక్కి తిప్పి తిప్పి విన్నాను.

చీటీ అడిగిన రోజు గదిలో మాత్రం అందరూ తలో మాటా అన్నారు. "అరే, మావోడు టూరిస్టు అయిండు! పోరగాళ్ళు పుట్టినంక హనీమూన్ పోతడట!" అన్నాడు టైల్స్ పని చేసే కరీంనగర్ మిత్రుడు. ఆ రోజు నుంచి నా పేరు టూరిస్టే.

బాబాయ్ మంచివాడు, దారి చూపించబోయాడు. "కాశీ అని చెప్పరా, ఇచ్చేస్తాను. దేవుడి పని కదా."

"పోకుండా పేరు సెప్పుకుంటే ఆ శివయ్య ఊరుకుంటాడా?"

"పోనీ, మీ అమ్మకి ఒంట్లో బాలేదను."

"నా పెండ్లాం కిటికీ సీటు కోసం మాయమ్మను మంచాన పడెయ్యాల్నా బాబాయ్?"

"మరి నువ్వు చెప్పేది అవసరం కాదురా, సరదా."

ఒళ్ళు మండింది. అదే ఊళ్ళో మదీనత్ ఖలీఫా పేటలో నేను ఒక ఇంటి డ్రైవర్ని. ఎండలు ముదరగానే మా సార్ కుటుంబం చల్లటి దేశాలకు వెళ్ళేది. ఎయిర్‌పోర్టులో వాళ్ళ సూట్‌కేసులు దించేది నేనే. ఏం అవసరమని వాళ్ళను ఒక్కడూ అడగలేదు. కలిగినవాడు తిరిగితే విహారం, డ్రైవరు తిరిగితే పొగరు. చీటీ ఆ నెల ఎవరిదో బోరుకు పోయింది.

పోనీ. చీటీ ఇవ్వకపోతే రైళ్ళు ఆగిపోతాయా?

గల్ఫ్ నుంచి వెళ్ళేవాడు తాడు కట్టిన పెద్ద అట్టపెట్టె లేకుండా ఊళ్ళో దిగడు. బావకు టార్చిలైటు, అక్కకు చీర, పెద్దనాన్నకు తలనొప్పి బామ్, వీధి వీధంతటికీ సెంటు సబ్బులు. కష్టార్జితంలో సగం ఆ పెట్టె మింగుతుంది. నేను పెట్టె మానేశాను. పెట్టెకు పోయాల్సిందంతా పాలపొడి డబ్బాలో పోశాను. తెల్లవారుజామున పక్క విల్లాల కార్లు కడిగి వచ్చిందీ అందులోకే. క్షౌరం కూడా గదిలోనే. కత్తెర పట్టేవాడు కరీంనగర్ మిత్రుడే కాబట్టి, నా తల చూసి మా సార్ పిల్లలు నెలంతా నవ్వేవారు. నవ్వితే నవ్వారు, అది ఉచితం.

సెలవుకు చేతిసంచితో ఇంట్లో దిగాను. వసారా నిండా చుట్టాలు. బావ నన్ను కాదు, నా వెనక చూస్తున్నాడు.

"పెట్టె ఎనకొస్తాందా బామ్మర్దీ?"

"ఏ పెట్టె బావా?"

"పెట్టె లేకుండా అరబ్బు దేశం నుంచి ఎవడన్నా వస్తాడా?"

అక్క మా ఆవిడ వైపు చూసింది. "ఎవరో వీనికి మందు పెట్టినారు."

నేను జవాబు కూర్చుకునేలోపే మా ఆవిడ ముందుకొచ్చింది. "మందూ లేదు, మాకూ లేదు వదినా. పెట్టె వద్దన్నది నేనే. ఆ దుడ్లతో మేం రైల్లో తిరిగొస్తాం."

ఆమె వద్దనలేదు, పెట్టె తేనని నేనే క్యాసెట్లో చెప్పి పంపాను. ఆ మొండితనం పూర్తిగా నాది. కానీ అంతమంది ముందు తన నెత్తికెత్తుకుంటుంటే కాదనడానికి నాకు మనసు రాలేదు. అక్క కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి, ఆ వారమే గుంతకల్లులో ఢిల్లీ బండి ఎక్కాం. ఢిల్లీలో ఏముంటుందో ఇద్దరికీ తెలియదు. కిటికీ దగ్గర ఆమె, పక్కన నేను. ఎదురు సీటు పెద్దమనిషి తెలుగువాడే. మా చేతిసంచీని, నా జుట్టు కత్తిరింపునూ చూసి జాలిగా అడిగాడు, "ఢిల్లీలో ఆసుపత్రి పనా అమ్మా?"

"పనేం లేదన్నా," అంది ఆమె, కిటికీ రెక్క ఇంకాస్త పైకెత్తుతూ. "ఊరికే పోతాండాం."