కావలసినన్ని నీళ్ళు

డెబ్బయ్యో దశకం చివర్లో విశాఖపట్నంలో నీటి సరఫరా ఆఫీసులో నేను ట్రేసరుగా చేరాను. ఇంజినీర్లు గీసిన ప్లాన్ల మీద పల్చటి కాగితం పరిచి నకలు తీసే పని. ఉక్కు కర్మాగారం వస్తోందని పల్లెల నుంచి జనం ఊళ్ళోకి దిగుతున్న రోజులవి. పాతికేళ్ళ తరవాత ఊరికి ఎంత నీరు కావాలో, ఎలమంచిలి వైపు నుంచి తెచ్చే పైపు ఎంత లావుండాలో తేల్చే పని మా ఇంజినీరుగారి మీద పడింది. ఇళ్ళల్లో ఆడవాళ్ళని అడిగి రమ్మని ఆయన నన్ను పంపారు.

పూర్ణా మార్కెట్ వెనక వీధుల్లో ఎవరిని అడిగినా, "రోజుకి నాలుగైదు బిందెలమ్మా" అనేవారు. పన్నుకి భయపడి తగ్గించి చెబుతున్నారని నాకు అనిపించింది. ఆ మాటే ఇంజినీరుగారితో అన్నాను.

"మీ ఇంట్లో ఎంత వాడతారమ్మా?" అన్నారాయన.

మనసులో బిందెలు లెక్కేసుకున్నాను. మాదీ ఇంచుమించు అంతే. కుళాయి వచ్చేదే కాసేపు. పట్టుకున్నదాంట్లోనే వంట, స్నానాలు, ఉతుకులు.

"వాళ్ళు తగ్గించి చెప్పలేదు సార్. వచ్చినంతే వాడుతున్నారు. అదే లెక్కన పైపు వేస్తే ఎప్పటికీ ఇంతే."

"అయితే ఇంకోలా అడుగు," అన్నారు.

మళ్ళీ అవే గుమ్మాలు ఎక్కాను. నీళ్ళు దండిగా వస్తే ఏం చేస్తారని అడిగాను. పోర్టు కూలీ భార్య నవ్వేసింది. "ఏటమ్మా, నిజంగా ఇత్తారేటి? నానైతే బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు తోమడం మానేత్తాను." పక్కింటి దర్జీ భార్య మాత్రం నవ్వలేదు. "మా అమ్మీని, కన్నతల్లిని, ఇక్కడికి తెచ్చుకుంటాను బేటీ. ఇంకో మనిషికి నీళ్ళు చాలవని ఇన్నాళ్ళూ రమ్మనలేదు," అంది.

ఇంజినీరుగారు అంచనా పెంచారు. పెద్ద అధికారుల మీటింగు జరిగిన రోజు వరండాలో కూర్చున్నాను. నా మూలంగా ఆయనకి మాట వస్తుందేమోనని తలుపు వైపే చూస్తున్నాను.

ఆయన చెమట తుడుచుకుంటూ బయటికొచ్చారు. "లావు పైపుకి డబ్బు లేదన్నారు. కానీ పక్కన రెండో పైపుకి చోటు ఇప్పుడే సేకరించి ఉంచడానికి ఒప్పుకున్నారు. దారి పొడవునా."

అడిగింది పూర్తిగా దొరకలేదు, దారి మాత్రం మూసుకుపోలేదు.

మా అంచనా కంటే ఊరే ముందు పరుగెత్తింది. ఎనభైల చివరికి రెండో పైపు అవసరం పడింది. ఆ దారి వెంట అటూ ఇటూ ఇళ్ళు లేచాయి. తవ్వకం మొదలైందని విన్నప్పుడు, ఎవరి గూడు కూలుతుందోనని భయపడ్డాను. సైటు నుంచి వచ్చిన సూపర్‌వైజరుని అడిగాను.

"ఒక్క గోడ కూడా ముట్టుకోనేదండి. అప్పట్లో తీసి ఉంచిన సోటుంది కదా," అన్నాడు.

మళ్ళీ చెప్పమన్నాను. అతను వింతగా చూసి, మళ్ళీ చెప్పాడు.