కాకినాడ కాజాలతో వారం రోజుల పోటీ

పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి ఉన్నది ఇరవై మూడు రోజులు. సెలవు అయిపోగానే ఆయన యాన్బు వెళ్లిపోయారు, నేను ఖమీస్ ముషైత్ వచ్చేశాను. ఆయన అక్కడొక ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. నేను ఇక్కడ ఆస్పత్రిలో, ఆడవాళ్ల సర్జికల్ వార్డులో నర్సుని. పెళ్లిచూపులప్పుడు పెద్దవాళ్లు "ఇద్దరూ సౌదీలోనే కదా, ఇంకేం కావాలి" అని సంబరపడ్డారు. మ్యాపు మాత్రం ఎవరూ తీసి చూడలేదు. మా ఇద్దరికీ మధ్య దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఆయనకి సముద్రం ఒడ్డున ఉక్కపోత, నాకు కొండ మీద స్వెట్టరు.

రోజూ డ్యూటీ అయ్యాక ఫోన్ చేసుకునేవాళ్లం.

"తిన్నారా?"

"తిన్నాను. నువ్వు?"

"తిన్నాను."

"ఏం కూర?"

"పప్పు. మీకు?"

"మెస్సులో చికెన్."

అక్కడితో మా దగ్గరున్న సరుకు అయిపోయేది. ఫోన్ పెట్టేస్తానని ముందు ఎవరనాలో తెలియక ఇద్దరం మొహమాటంగా ఊరుకునేవాళ్లం. ఆయన మంచివారని తెలుసు. అంతకు మించి ఏమీ తెలియదు.

ఏప్రిల్లో ఒకరోజు ఆయన కూర గురించి అడగలేదు. "నాకో సాయం చేస్తావా?" అన్నారు.

"చెప్పండి."

"ఒక బేస్‌బాల్ జట్టుని చూసుకోవాలి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. వాళ్ల ప్లాంటులో ఒక అమెరికా పెద్దాయన నడిపే పోటీ అట. అసలు ఆట అమెరికాలో జరుగుతుంది. అక్కడి ఆటగాళ్లలోంచి ఏరుకుని ఇక్కడ ఒక్కొక్కరు ఉత్తుత్తి జట్టు కట్టుకుంటారు. వాళ్లు అక్కడ నిజంగా ఏం సాధిస్తే అది ఇక్కడ మన జట్టు లెక్కలోకి వస్తుంది. వారానికొకరితో పోటీ, సోమవారం మొదలై ఆదివారంతో ఆఖరు. పరుగులు, హోమ్ రన్లు, బంతి వేసే పిచర్లు ఒంటిచేత్తో అవుట్ చేసినవాళ్లు, ఇలా పది పద్దులుంటాయి. ఎక్కువ పద్దుల్లో ఎవరిది పైచేయి అయితే వాళ్లు గెలిచినట్టు. పదిమంది ఆడుతుంటే ఒకాయన ఉద్యోగం వదిలి ఫైనల్ ఎగ్జిట్ మీద సొంత దేశం వెళ్లిపోయాడు, ఆయన జట్టు దిక్కులేనిదైంది.

"నాకు బేస్‌బాల్ అంటే ఏంటో కూడా తెలీదండీ."

"నాకూ రెండేళ్ల కింద తెలీదు. కొరియా ఇంజనీర్లు నేర్పారు. నీకు నేను నేర్పుతాను కదా."

అలా ఆ అనాథ జట్టు నాకొచ్చింది. గుంటూరు పండుమిర్చి అని పేరు పెట్టాను. ఆయన జట్టు కాకినాడ కాజాలు. ఆటగాళ్ల పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. అందుకని ఫొటోలు చూసి ఒకణ్ణి గడ్డపాయన, ఒకణ్ణి బూరెబుగ్గలు అనుకున్నాను. వార్డులో జ్వరం, నాడి రాసుకునే పద్ధతిలోనే ఒక నోటుబుక్కులో రోజూ వాళ్ల అంకెలు రాసుకునేదాన్ని. ఎవరికి ఎప్పుడు తగ్గుతోందో, ఎవరు కోలుకుంటున్నారో చూడ్డం నాకు కొత్త కాదు. అయినా మొదటి ఏడు వారాల్లో ఒక్కసారే గెలిచాను. ఆ వారం అవతలివాడు సెలవు మీద ఊరెళ్లి జట్టుని మర్చిపోయాడు.

జూన్ మొదట్లో పట్టిక చూస్తే ఆ వారం పండుమిర్చికి కాకినాడ కాజాలతో పోటీ.

అమెరికాలో రాత్రి ఆడే ఆట మాకు తెల్లవారుజామున నడుస్తుంది. అందుకని సోమవారం ఫలితం మంగళవారం పొద్దున తెలిసింది. నేను తల దువ్వుకుంటుంటే ఫోన్ మోగింది. పొద్దున్నే ఆయన ఫోన్ చెయ్యడం అదే మొదలు. ఎవరికేమైందోనని దువ్వెన పక్కన పడేసి ఎత్తాను.

"గుడ్ మార్నింగ్ పండుమిర్చీ!" అన్నారు. "ఎనిమిది నావి, ఒకటి నీది. చూశావా?"

"అయ్యో, నేనింకా చూడలేదండీ."

"చూడకు. చూస్తే టిఫిన్ దిగదు."

ఆ గొంతులో అంత కొంటెతనం ఉందని నాకు అంతవరకూ తెలియదు. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. బస్సులో ఆస్పత్రికి వెళ్తున్నంతసేపూ జడ చివర వేలికి చుట్టుకుంటూ, ఈయన్ని ఎలా ఓడించాలా అని ఆలోచించాను.

ఆ రోజు వార్డుకి మందులు తీసుకోవడానికి ఫార్మసీ కిటికీ దగ్గరికెళ్లి, వరసలో నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను. లోపలున్న సౌదీ ఫార్మసిస్టు నికాబ్‌లోంచి కళ్లు చిట్లించి నా ఫోన్లోకి చూసింది. అచ్చం అమెరికావాళ్లలాగే ఇంగ్లిషులో, "నీ షార్ట్‌స్టాప్‌ ఆటగాడికి మోకాలు దెబ్బతింది, తెలుసా? వాణ్ణింకా ఆడిస్తున్నావేంటి?" అంది.

ఆవిడ ఒహాయోలో ఆరేళ్లు చదువుకుందట. అక్కడున్న రోజుల్లో ఒక్క ఆటా వదల్లేదట. నేను విషయమంతా చెప్పాను. ఎదురు జట్టు మా ఆయనదే అనగానే కౌంటరు మీద చేత్తో చరిచింది.

"నీకు దొంగ కావాలి," అంది.

బేస్‌బాల్‌లో దొంగతనం కూడా ఒక పద్దే. అవతల పిచర్ బంతి వెయ్యబోతుండగా, ఈలోపే మనవాడు మైదానం మూలల్లో ఉండే ఒక బేస్ నుంచి పక్క బేస్‌కి పరిగెత్తేస్తే దాన్ని దొంగిలించడం అంటారు. ఎవరి జట్టులోనూ లేనివాళ్లలోంచి ఆవిడ ఒక పొట్టివాణ్ణి వెతికి పెట్టింది. బ్యాటింగ్ అంతంతమాత్రమే, కానీ బేస్ ఎక్కితే మాత్రం ఆగడు. వాడికి ఉడత అని పేరు పెట్టి, మోకాలు నొప్పివాడి స్థానంలో చేర్చుకున్నాను.

గురువారం పొద్దున లేచి చూస్తే ఉడత ఒక్క ఆటలో మూడు దొంగతనాలు చేశాడు. బూరెబుగ్గలు రెండు హోమ్ రన్లు కొట్టాడు. అయిదు నాలుగు, నేనే ముందు! ఈసారి నేనే ఫోన్ చేశాను. ఆయన "హలో" అనకముందే, "ఓడిపోతున్నావ్! ఓడిపోతున్నావ్ చూసుకో!" అని అరిచేశాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. పెళ్లయినప్పటినుంచీ "ఏవండీ", "మీరు" తప్ప ఇంకో మాట రాలేదు నా నోట.

"సారీ అండీ," అన్నాను. "ఆ ఊపులో వచ్చేసింది."

"ఇంకోసారి అను," అన్నారాయన.

"ఏంటండీ?"

"ఆ ముక్కే. అండీ లేకుండా."

నాకు చెవులు వేడెక్కాయి. "ఓడిపోతున్నావ్," అన్నాను మెల్లిగా. ఆయన ఎంత నవ్వారంటే, పక్కనున్న వాళ్లెవరో ఏమైందని హిందీలో అడగడం నాకు వినిపించింది.

శుక్రవారం సెలవు. గంటన్నర మాట్లాడుకున్నాం, అందులో పప్పు ఊసే లేదు. ఉడతని ఎందుకంత వెనకేసుకొస్తున్నావని ఆయన అడిగితే, నేను హైస్కూల్లో ఖోఖో ఆడేదాన్నని, జిల్లా పోటీల దాకా వెళ్లానని చెప్పాను. ఆయనకి నమ్మబుద్ధి కాలేదు. "నువ్వా? పెళ్లిలో తల ఎత్తలేదు కదా!" అన్నారు. "ఎత్తితే పూలజడ జారిపోతుందని ఎత్తలేదు" అన్నాను. ఆయన పదో తరగతిలో చేతిలో పడ్డ క్యాచ్ వదిలేశారని క్లాసంతా వారం రోజులు మాట్లాడకపోతే, మధ్యాహ్నం అన్నం సైకిల్ స్టాండు దగ్గర ఒక్కడే తిన్నారట. అది చెబుతున్నప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది. ఆ ఒక్క నిమిషం నా జట్టు ఓడిపోయినా ఫర్వాలేదనిపించింది. ఫోన్ పెట్టేశాక మళ్లీ ఫర్వా ఉందనిపించింది.

శనివారం కాకినాడ నుంచి అత్తయ్య ఫోన్.

"వందనాలు అత్తయ్యా."

"వందనాలమ్మా. ఏంటమ్మాయ్, మీ ఇద్దరికీ సోమవారం నుంచీ పడట్లేదంట?"

"ఎవరు చెప్పారత్తయ్యా?"

"ఇంకెవరు, వాడే! నీ కోడలు నన్ను చితక్కొట్టేస్తందమ్మా అన్నాడు. పైగా నవ్వుతున్నాడు. నాకు భయమేసింది. ఏం తక్కువ చేశాడమ్మా వాడు?"

ఆట గురించి చెప్పడానికి పావుగంట పట్టింది. అంతా విని అత్తయ్య, "అంటే ఉత్తుత్తి కొట్లాటన్నమాట. సర్లే. గెలువు. చిన్నప్పటి నించీ వాడికి ఓడిపోవడం అలవాటు లేదు, కొంచెం నేర్పు," అని పెట్టేశారు.

ఆదివారం సాయంత్రానికి ఆరు పద్దులు నావి, మూడు ఆయనవి. దొంగతనాలు మాత్రం చెరి తొమ్మిది. ఆ రాత్రి ఆటలతో వారం అయిపోతుంది. నేను హాస్టల్లో టీ కలుపుకుంటుంటే ఆయన ఫోన్. ప్లాంటులో షట్‌డౌన్ పనులు, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు జరుగుతున్నాయి, ఆయనకి రాత్రి షిఫ్టు. లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టి వెళ్లాలి.

"నా పిచర్ ఇవాళ ఆడట్లేదంట, ఇప్పుడే చూశా. మార్చే టైం లేదు, వెనక లైన్ ఉంది. పాస్‌వర్డ్ మెసేజ్ పెట్టాను. వాడి బదులు బెంచీ మీదున్నవాణ్ణి పెట్టు," అంటూ ఒక ఇంటిపేరు చెప్పారు. ఫోన్ కట్ అయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

ఆయన జట్టు తెరిచి చూస్తే బెంచీ మీద ఆ ఇంటిపేరుతో ఇద్దరున్నారు. ఇద్దరూ పిచర్లే, ఇద్దరూ ఆ రాత్రే ఆడుతున్నారు. ఏం చెయ్యాలో తోచక ఫార్మసిస్టుకి ఫోన్ చేశాను. ఆవిడ ఇద్దరి అంకెలూ చూసింది.

"మొదటివాడు బాగున్నాడు. రెండోవాడు పేరున్నవాడే గానీ, నెల నుంచీ తన్నులు తింటున్నాడు. హాయిగా రెండోవాణ్ణి పెట్టెయ్. ఎవరూ నిన్నేమీ అనలేరు."

"మా ఆయన కదా."

"అందుకే!" అని ఆవిడ పకపకా నవ్వింది.

వేలు రెండోవాడి పేరు మీద చాలాసేపు ఉంచాను. అబద్ధం చెప్పను, నొక్కబోయాను కూడా. కానీ ఆయన జట్టు మొత్తం నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పనిలోకి వెళ్లిపోయారు. మొదటివాణ్ణే పెట్టి, టీ చల్లారిపోతే మళ్లీ వేడిచేసుకుని తాగి పడుకున్నాను.

సోమవారం పొద్దున బస్సెక్కి ఫోన్ తీశాను. నేను పెట్టిన పిచర్ ఎనిమిది ఇన్నింగ్స్ వేసి పదకొండుమందిని ఒంటిచేత్తో అవుట్ చేశాడు. నా ఆధిక్యమంతా ఊడ్చుకుపోయింది. నాలుగు నావి, నాలుగు ఆయనవి, రెండు సమానం. మిగిలింది ఒకే ఒక్క ఆట. వాన పడి ఆగడం వల్ల ఇంకా నడుస్తోంది. అందులో ఆయనవాళ్లెవరూ లేరు, నాకు ఉడత ఉన్నాడు. తొమ్మిదో ఇన్నింగ్స్. ఫోన్లో బొమ్మ మీద చుక్క వెలిగింది, ఉడత మొదటి బేస్ ఎక్కాడు.

"పరిగెత్తరా నాన్నా," అన్నాను పైకే. పక్క సీట్లో ఫిలిప్పీన్స్ నర్సు నా వైపు చూసింది. చుక్క కదల్లేదు. ఒక బంతి, రెండు బంతులు. చుక్క మాయమైంది. అవుటయ్యాడేమోనని కళ్లు మూసుకుని తెరిస్తే రెండో బేస్ మీద వెలుగుతోంది.

కెవ్వుమని కేకేసి లేచి నిలబడ్డాను. పాకిస్తానీ డ్రైవరు కంగారుగా అద్దంలోంచి చూశాడు. "క్యా హువా, సిస్టర్?"

నాకు వచ్చిన హిందీ అంతా ఆ సంతోషంలో ఒక్క ముక్కకి తగ్గిపోయింది. "చోరీ హో గయీ, భాయ్! చోరీ!"

ఆయన బస్సు పక్కకి తీసి ఠక్కున ఆపాడు. అందరూ హ్యాండ్‌బ్యాగులు తెరిచి పర్సులు తడుముకోవడం మొదలెట్టారు. దొంగతనం జరిగింది బస్సులో కాదని, అమెరికాలో అని చెబుతుంటే నాకు నవ్వాగలేదు. డ్రైవరు తల పట్టుకుని, మళ్లీ బస్సు తీసి, ఆస్పత్రి గేటుదాకా తనలో తాను నవ్వుకుంటూనే ఉన్నాడు.

బస్సు దిగుతుంటే ఆయన ఫోన్. షిఫ్టు అయి అప్పుడే బయటికొచ్చారు.

"అయిదు నాలుగు!" అన్నాను. "నువ్వు ఓడిపోయావ్!"

"చూశాను. అది సరే గానీ, ఆ పిచర్‌ని ఎవరు పెట్టమన్నారు?"

"నువ్వే కదా! ఇంటిపేరు చెప్పి పెట్టేశావ్."

"నేననుకున్నది ఆ ఇంటిపేరున్న రెండోవాణ్ణి. వాణ్ణి రెండో ఇన్నింగ్స్‌లోనే దించేశారు. వాణ్ణి పెట్టుంటే చిత్తుగా ఓడిపోయేవాణ్ణి." గొంతు తగ్గించి అడిగారు. "నీకు తెలీదా వాడు బాలేడని?"

"తెలుసు."

"మరి?"

"అలా గెలిస్తే నిద్ర పట్టదు కదా నాకు."

ఫోన్ పెట్టేస్తానని ముందు ఎవరనాలో అన్న మొహమాటం ఈసారి లేదు. అలాగే ఫోన్ పట్టుకుని నేను మెట్లెక్కాను, ఆయన అక్కడ క్యాంపు బస్సు ఎక్కినట్టున్నారు, తలుపు చప్పుడైంది. "రెండు రోజులు సెలవడుగుతా. మీ పక్కనున్న అబ్హాకి ఫ్లైటు ఉంటుందేమో చూస్తా," అన్నారు. నేను సరే అన్నాను. సరే అన్న మాట కీచుగా వచ్చింది.

ఫార్మసీ కిటికీ తెరవగానే వెళ్లి ఫోన్ చూపించాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇక్కడి పెళ్లిళ్లలో ఆడవాళ్లు చేసినట్టు లులులులు అని గొంతెత్తింది. కారిడారంతా మారుమోగింది. మందులకోసం వరసలో నిలబడ్డ ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, "మబ్రూక్, మబ్రూక్! అబ్బాయా, అమ్మాయా?" అని అరబీలో అభినందిస్తూ అడిగింది.

ఫార్మసిస్టు ఆవిడకి జరిగింది చెప్పింది. నాకు అర్థమైనంతలో, మొగుణ్ణి ఓడించిందని. అంతే, వరసలో ఉన్న ఆడవాళ్లందరూ ఒక్కసారిగా లులులులు! ముసలావిడ సంచిలోంచి గుప్పెడు ఖర్జూరాలు తీసి నా ఆప్రాన్ జేబులో పోసి, ఏదో గట్టిగా చెప్పింది.

"ఏమంటోంది?" అని అడిగాను.

"ఈ వారం కూడా మొగుణ్ణి వదలొద్దంటోంది," అంది ఫార్మసిస్టు.

ఈ వారం నాకు కొరియా ఇంజనీరుతో పోటీ. ఆ సంగతి చెప్పడానికి నా అరబీ చాల్లేదు. ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని, "షుక్రన్, ఖాలా" అని ఆవిడకి థాంక్స్ చెప్పి, పేషెంట్లకి మందులిచ్చే వేళ దాటిపోతోందని వార్డుకి పరిగెత్తాను.